బొమ్మ తల ఎప్పుడు తీయాలి?

ఎగ్జిబిషన్ గేటు పక్కన టెడ్డీ డ్రెస్ వేసుకున్న పిల్లోడు తల ఊడదీసి, చంకలో పెట్టుకుని టీ తాగుతుంటాడు. మెడ కిందంతా ఎలుగుబంటి, పైన చెమటకు తడిసిన మనిషి ముఖం. అది చూసి పసిపిల్ల ఒకటే ఏడుపు. వాళ్ల నాయన పోయి అడిగితే ఓనరు వచ్చి ఆ పిల్లోణ్ని నలుగురిలో తిడతాడు. కర్నూలు, అనంతపురం, కడపల్లో సెలవుల ఎగ్జిబిషన్లలోనైనా, ఫంక్షన్ హాళ్లలో బర్త్‌డేలకైనా, బట్టల షాపు ఓపెనింగులకైనా ఇది మామూలే. తప్పెవరిదో తేల్చే ముందు మూడు సంగతులు అడగాలి. తల తీయడానికి వాడికి మూసిన చోటు ఒకటి చూపించారా? పక్కన హెల్పర్‌ను పెట్టారా? ఎంతసేపటికి బయటికి రావాలో ముందే చెప్పారా? ఇవి లేకుండా "జనం ముందర తల తీయొద్దు" అనడం అంటే ఊపిరి తీసుకోవద్దని చెప్పడమే.

తల తీయకూడదన్న నియమం మంచిదే. ఊరూరా పాకడానికి కారణం మాత్రం అమెరికా పార్కులు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచారు. అక్కడ ఉద్యోగిని ఉద్యోగి అనరు, నాటకంలో పాత్రధారి అన్న అర్థంలో కాస్ట్ మెంబర్ అంటారు. ఒంటి మీది బట్ట యూనిఫాం కాదు, కాస్ట్యూమ్. జనం తిరిగే చోటు స్టేజీ, జనం కంటబడని చోటు బ్యాక్‌స్టేజీ. బొమ్మ తల వేసుకున్నవాళ్లు మాట్లాడరు, తల లేకుండా కనబడరు. 1971 అక్టోబర్ 1న ఫ్లోరిడాలో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అయితే జనం నడిచే నేల కింద ఉద్యోగుల కోసం సొరంగ దారులే ఉన్నాయి. వేషం మార్చుకోవడం, భోంచేయడం, ఒక మూల నుంచి ఇంకో మూలకు పోవడం అన్నీ ఆ దారుల్లోనే. అంటే వాళ్లు నియమంతో పాటు దాన్ని పాటించే చోటూ కట్టుకున్నారు. మన దగ్గరికి నియమం ఒక్కటే వచ్చింది.

వేషం మనకు కొత్తేమీ కాదు. పీర్ల పండక్కి పులివేషం వేసేవాళ్లకు ఒంటికి పూసిన రంగే డ్రెస్సు, తల తీసే బాధ లేదు, గాలి ఆడుతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో ఆడించేవాళ్లు తెర వెనకే ఉంటారు. ఈ బొచ్చు డ్రెస్ సంగతి వేరు. తెర, బొమ్మ, ఆడించే మనిషి ముగ్గురూ ఒకే సంచిలో ఉంటారు.

మనం సొరంగాలు తవ్వనక్కర్లేదు. షామియానా గుడ్డతో నాలుగు వైపులా కట్టిన ఆరడుగుల చదరం చోటు చాలు. అందులో రెండు కుర్చీలు, ఒక పెడస్టల్ ఫ్యాన్, 20 లీటర్ల నీళ్ల క్యాన్, తల పెట్టడానికి ఒక స్టూలు. బొమ్మ తిరిగే చోటికి 50 అడుగుల లోపల ఉండాలి. జనరేటర్ పక్కన కట్టొద్దు, పొగా వేడీ రెండూ లోపలికే కొడతాయి. రేకుల షెడ్డు అయితే పొద్దు గూకేదాకా పనికిరాదు, ఎండకు కాగిన రేకు వేడంతా లోపలికే కొడుతుంది. ఫంక్షన్ హాళ్లలో వంటగది పక్క స్టోర్ రూమ్ చూపిస్తారు. పొయ్యిల వేడికి అది బయటికంటే ఘోరం, వధువు గది బాత్రూం పక్కన సందు ఉన్నా దానికంటే నయం.

ఇక ఎండ సంగతి. మే నెలలో మన మూడు ఊళ్లలోనూ 40 డిగ్రీలు దాటడం మామూలు. మనిషి ఒళ్లు చల్లబడేది చెమట ఆరినప్పుడే. బొచ్చు డ్రెస్ లోపల చెమట పడుతుంది గానీ ఆరదు. తలతో కలిపి 5 నుంచి 8 కిలోల బరువు మోస్తూ చేతులూపుతూ గంతులేస్తే లోపలి వేడి లోపలే పెరుగుతుంది. అందుకని ఎండాకాలంలో 20 నిమిషాలు లోపల ఉంటే 40 నిమిషాలు బయట ఉండాలి. చలికాలం రాత్రుళ్లు, ఏసీ హాల్లో 30కి 30 సరిపోతుంది. లెక్క మొదలయ్యేది జనం ముందరికి వచ్చినప్పుడు కాదు, తల తగిలించినప్పుడు. స్టేజీ పక్కన యాంకర్ పిలుపు కోసం నిలబెట్టిన 15 నిమిషాలు ఎవరూ లెక్కేయరు, కళ్లు తిరిగి పడేవాళ్లలో చాలామంది పడేది అక్కడే. ఎండాకాలంలో మూడు గంటల ప్రోగ్రాం అంటే బొమ్మ కనబడేది గంటే అని ముందే ఒప్పుకోవాలి. మూడు గంటలూ కనబడాలంటే మనుషులు ముగ్గురు కావాలి.

తల లోపల ఫ్యాన్ పెడితే అయిపోయిందనుకుంటారు. 5 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటి పెడితే సాయంత్రమంతా తిరుగుతాయి, నిజమే. అయితే ఫ్యాన్‌ను ముఖానికి ఎదురుగా బిగించడం తప్పు. తలపై భాగంలో లోపలి గాలిని బయటికి లాగేట్టు బిగించాలి. వదిలిన ఊపిరి వేడిగా, తడిగా పైనే చేరుతుంది, అది పోతే నోటి జాలీ నుంచి కొత్త గాలి దానంతటదే వస్తుంది. కళ్ల జాలీకి ఆవిరి పట్టడమూ తగ్గుతుంది. వైర్లను నురగ లోపలికి టేపుతో అంటించాలి, జుట్టుకు చుట్టుకుంటే తల తీయడం కష్టం. పవర్ బ్యాంకు తలలో ఉండకూడదు, నడుము సంచిలో ఉండాలి. వేడెక్కిన లిథియం బ్యాటరీని ముఖం పక్కన పెట్టుకోవడం తెలివైన పని కాదు. ఇంకొకటి, బయటి గాలే 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఫ్యాన్ ఆ వేడి గాలినే తిప్పుతుంది. కాబట్టి ఫ్యాన్ ఉంది కదా అని 20 నిమిషాలను 40 చేయొద్దు. ఐస్ ప్యాకులు పెట్టే జాకెట్ మేలు, ప్యాకు నేరుగా చర్మానికి తగలకుండా టవలు మడత మధ్యలో ఉండాలి.

గాలితో ఉబ్బే డ్రెస్సులు ఈ మధ్య ఎక్కువయ్యాయి. తేలిక, చల్లన. కానీ వాటికి మన గ్రౌండ్లే శత్రువు. కంపచెట్టు ముల్లు తగిలి గుడ్డ చీరితే ఐదు నిమిషాల్లో ఏనుగు గోనెసంచి అయిపోతుంది. బ్లోవర్ జాలీకి కాగితం ముక్క అతుక్కున్నా అంతే. హెల్పర్ జేబులో వెడల్పాటి టేపు ఉండాల్సిందే.

నీళ్ల సంగతి దాహం వేసినప్పుడు చూసుకుందాంలే అనుకోవద్దు. డ్రెస్ వేసే అరగంట ముందు అర లీటరు, ప్రతి విరామంలో ఒక గ్లాసు. ఒట్టి నీళ్లే తాగితే చెమటతో పోయిన ఉప్పు రాదు, పిక్కలు పట్టేస్తాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పోసుకుంటే పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు గోరతీసినట్టు సమంగా ఉండాలి. ఉప్పేసిన మజ్జిగ మంచిదే. నన్నారి సోడా డ్యూటీ అయ్యాక తాగాలి, గ్యాసు పొట్టలో పెట్టుకుని గంతులేస్తే పైకి తన్నుతుంది. తిండి కూడా రెండు గంటల ముందే. ఉగ్గాని తినొచ్చు, బజ్జీలు మాత్రం ఆ పూటకు వదిలేయాలి. ఆ తలలో వాంతి వస్తే ఏమవుతుందో వివరించనక్కర్లేదు. రంజాన్ ఉపవాసం ఉన్నవాళ్లను ఇఫ్తార్ అయ్యేదాకా డ్రెస్‌లో దింపొద్దు. కర్నూలు, కడపల్లో ఈ పని చేసే ముస్లిం పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లే "ఏం కాదులే అన్నా" అన్నా సరే.

ఇప్పుడు అసలు ప్రశ్న. తల ఎప్పుడు తీయాలి? గుడ్డ కట్టిన చోట్లో, హెల్పర్ సరే అన్నాక తీయాలి. ఇది రోజూ పాటించేది. కానీ తలనొప్పి పొడుస్తున్నా, వాంతి వచ్చేట్టున్నా, అంత వేడిలో ఒళ్లు గగుర్పొడిచినా, కళ్ల ముందు చీకట్లు కమ్మినా ఉన్నచోటే తీసేయాలి. ఎదురుగా వంద మంది పిల్లలున్నా, కేకు కోస్తున్నా, ఎమ్మెల్యే వచ్చినా సరే. హెల్పర్ చేతిలో ఎప్పుడూ ఒక దుప్పటి ఉంటే దాన్ని అడ్డం పట్టొచ్చు, పిల్లలకు చెప్పడానికి "బొమ్మకు నిద్రొస్తుంది" అన్న మాట చాలు. నీడలో పడుకోబెట్టి జిప్పు మొత్తం తీయాలి. మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు వేసి ఫ్యాన్ పెట్టాలి. మాట తడబడుతున్నా, ఎక్కడున్నాడో తెలియకున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. నోట్లో నీళ్లు పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి, బండి వచ్చేదాకా తడిపి గాలి విసురుతూనే ఉండాలి. తలను విసురుగా లాగేసినందుకు నురగ చినిగితే అతికించుకోవచ్చు.

హెల్పర్‌ను దండగ ఖర్చు అనుకునే ఈవెంట్ వాళ్లకు బొమ్మ తల ఒకసారి తగిలించి నడిపించాలి. చాలా తలల్లో చూసేది కళ్లలోంచి కాదు, నోటి జాలీలోంచి. ఎదురుగా ఒక కిటికీ అంత మేర కనబడుతుంది. పక్కలు కనబడవు, కాళ్ల దగ్గర నిలబడిన మూడేళ్ల పిల్లాడు అస్సలు కనబడడు. అందుకని బొమ్మ ఎప్పుడూ వెనక్కి అడుగేయకూడదు. పోవాలంటే ఒళ్లంతా తిప్పుకుని ముందుకే పోవాలి. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి, హెల్పర్ ఒక మెట్టు కింద నిలబడి చెయ్యి పట్టుకుంటే దిగాలి. స్టేజీ మీద పరిచిన కరెంటు వైర్లు పెద్ద బొచ్చు కాళ్లకు తెలియవు.

మాట్లాడకూడదు కాబట్టి సైగలు ముందే అనుకోవాలి. హెల్పర్ చేతిని రెండుసార్లు నొక్కితే ఈ ఫోటో అయ్యాక నీళ్లకు పోదామని. అరచేయి నెత్తిన పెట్టుకుంటే కళ్లు తిరుగుతున్నాయి, ఇప్పుడే తీసుకుపో అని. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెడితే అంతా ఆపమని. బొటనవేలు ఎత్తడం సైగగా పెట్టుకోవద్దు, ఫోటోల్లో బొమ్మ ఎట్లాగూ రోజంతా అదే చేస్తుంటుంది, తేడా తెలియదు. బొమ్మ ఐదు నిమిషాలకోసారి ఏదో ఒక సైగ చేయకుంటే హెల్పరే చేయి నొక్కి అడగాలి. ఒక్క హెల్పర్ రెండు బొమ్మలను చూసుకోలేడు.

మౌనం వల్ల ఇంకో లాభం ఉంది. కర్నూల్లో ఉర్దూ, అనంతపురంలో కన్నడం మాట్లాడే పిల్లలు కూడా వస్తారు. మాట్లాడని బొమ్మ అందరికీ అర్థమవుతుంది. మాటలన్నీ హెల్పర్‌వి. "రాండి అక్కా, పాపను ఇట్లా నిలబెట్టండి", "ఇధర్ ఆవో బేటా" అనేది వాడే. "లోపల ఎవరన్నా?" అని అడిగేవాళ్లకు "ఎలుగుబంటే సార్" అన్న జవాబు తప్ప ఇంకోటి వద్దు. ఊరోళ్లు గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచినా బొమ్మ తిరిగి చూడకూడదు.

పిల్లల దగ్గరికి పోవడంలోనే అసలు పనితనం తెలుస్తుంది. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు భయపడతారు, అది వాళ్ల తప్పూ కాదు, బొమ్మ తప్పూ కాదు. పది అడుగుల దూరంలో ఆగాలి. నిలబడిన బొమ్మ వాళ్లకు రెండింతల ఎత్తు, అందుకని ఒక మోకాలి మీద కూర్చోవాలి. డ్రెస్ లోపల మోకాలి ప్యాడ్లు లేకుంటే కంకర గ్రౌండ్లో ఈ పని రెండోసారి చేయలేరు. ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు తిరిగి, చేయి చిన్నగా ఊపి, తన కళ్లు తనే మూసుకుని దోబూచి ఆడాలి. పిల్ల రెండడుగులు వేస్తే వేస్తుంది, లేకుంటే లేదు. బొమ్మ మాత్రం ముందుకు పోకూడదు. "పో, పోయి షేక్‌హ్యాండ్ ఇయ్యి" అని ఏడుస్తున్న పిల్లను నెట్టే తల్లిదండ్రులుంటారు. అక్కడ హెల్పర్ "వద్దులే అక్కా, ఆడనుంచే ఫోటో తీసుకోండి, బొమ్మ చెయ్యూపుతుంది" అనాలి. "అన్నం తినకుంటే దీనికి పట్టిస్తా" అని బెదిరిస్తే బొమ్మ తల అడ్డంగా ఊపి, చేతులతో వద్దు వద్దని చెప్పాలి. ఆ ఆటలో చేరితే మిగతా సాయంత్రమంతా ఆ పిల్ల గేటు దగ్గరికే రాదు.

ఫోటోలో బొమ్మ రెండు చేతులూ కెమెరాకు కనబడాలి. పిల్లల భుజం బయటి వైపు అరచేయి ఆనించొచ్చు, లేదా రెండు చేతులూ గాల్లో చాచొచ్చు. నడుము చుట్టూ చెయ్యి వేయడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం లేవు. పిల్లలతో అసభ్యంగా ప్రవర్తించిన కేసులకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. కనబడే చేతులు, పక్కన చూస్తున్న హెల్పర్, ఈ రెండూ పిల్లకూ కాపలా, లోపలి మనిషికీ సాక్ష్యం. పసిబిడ్డను ఎత్తుకోమని చేతికిస్తే తీసుకోవద్దు. "గ్లౌజుల్లో పట్టు ఉండదన్నా, మీరే ఎత్తుకోండి, బొమ్మ పక్కన నిలబడుతుంది" అని హెల్పర్ చెప్పాలి. ఆడవాళ్లకు బొమ్మ తనంతట తాను చెయ్యి వేయదు, నమస్కారం పెడుతుంది. వాళ్లు వచ్చి పక్కన నిలబడితే చేతులు ముందర కట్టుకుంటుంది.

పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలు గుంపుగా వస్తే తోక లాగుతారు, తల మీద గుద్దుతారు. బయటికి అది మెత్తగానే ఉంటుంది. లోపల ఫ్రేము ముక్కుకు తగులుతుంది. తలకు గడ్డం పట్టీ ఉండాలి, లోపల హెల్మెట్ లాగా బిగుతుగా కూర్చోవాలి. గుద్దితే తిరిగి గుద్దడం, తరమడం లేదు. బొమ్మ పక్కకు తిరుగుతుంది, హెల్పర్ మధ్యలోకి వస్తాడు, రెండోసారి చేస్తే బొమ్మ లోపలికి పోతుంది. రిసెప్షన్లలో తాగినవాళ్లు ఎత్తి తిప్పబోతే కూడా అంతే.

నిప్పు గురించి ఒక్క మాట. ఆ బొచ్చు అక్రిలిక్, పాలిస్టర్. అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పేరులో కోల్డ్ అని ఉన్నా స్టేజీ మీద నిప్పురవ్వలు చిమ్మే కోల్డ్ పైరోకు కనీసం 10 అడుగుల దూరంలో బొమ్మ నిలబడాలి. ఊరేగింపులో టపాకాయలు కాలుస్తుంటే అసలు దింపొద్దు. హైడ్రోజన్ నింపిన గ్యాస్ బుడగల గుత్తిని బొమ్మ చేతికి ఇవ్వొద్దు.

జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్‌డాన్స్ లాంటి రైడ్లు నడిపేవాళ్లకు బొచ్చు డ్రెస్ ఉండదు గానీ బట్టల నియమాలు అక్కడ ఇంకా గట్టిగా ఉండాలి, తిరిగే ఇనుము మన్నించదు కాబట్టి. లుంగీ, భుజం మీద తువ్వాలు, మెడలో వేలాడే ఐడీ కార్డు వద్దు. కార్డు చొక్కాకు క్లిప్పుతో పెట్టుకోవాలి. చెప్పులు కాదు, వేళ్లు మూసుకునే బూట్లు. ఆడవాళ్లయితే చున్నీ పిన్నులు పెట్టి, జడ ముడి చుట్టి, గాజులు తీసి, తాళి లోపలికి వేసుకుని నిలబడాలి. హిజాబ్‌కు అడ్డం లేదు, కొసలు లోపలికి దోపి పిన్ను పెడితే చాలు. ఇదే చూపు ఎక్కేవాళ్ల మీదా ఉండాలి. గో కార్ట్ వెనక చక్రానికి జుట్టో చున్నీనో చుట్టుకుంటే చూస్తుండగానే ప్రాణం మీదికి వస్తుంది. "అక్కా, చున్నీ ముడేసుకోండి" అని చెప్పకుండా ఏ బండీ కదలకూడదు.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసినవాళ్లు ఉంటారు. నల్ల బట్టలు, గడ్డం, వట్టి కాళ్లు. బట్టా గడ్డం ఏ పనికీ అడ్డు కాదు. వట్టి కాళ్లతో మాత్రం రైడ్ దగ్గర నిలబెట్టకూడదు, ఆ 41 రోజులు టికెట్ కౌంటర్ ఇవ్వాలి. స్వాములకు చెప్తే అర్థం చేసుకుంటారు, చెప్పకుండా జీతం కోస్తేనే గొడవ. మీసం సంగతికొస్తే డిస్నీ వాళ్లే 2000లో మీసాలకు, 2012లో పావు అంగుళం లోపు గడ్డానికి ఒప్పుకున్నారు. 2021లో పచ్చబొట్లు కనబడినా సరే అన్నారు. మన సీమలో మీసం తీయమని అడిగే ధైర్యం ఎవరికీ లేదులెండి. దువ్వుకుని రమ్మంటే సరిపోతుంది.

దారి చూపించేటప్పుడు వేలు పెట్టి చూపించొద్దు, అరచేయి చాపి చూపించాలి. "ఆడికి పో" కాదు, "అట్ల పోండి సార్". ఫోన్ జేబులో ఉండాలి. ఎత్తు సరిపోని పిల్లాడిని ఆపేటప్పుడు పిల్లాడితో కాదు, కొలిచే కర్ర చూపించి నాయనతో మాట్లాడాలి. వంద రూపాయలు చేతిలో పెట్టినా కర్ర పొట్టిదవదు.

ఏ బొమ్మ అన్నది కూడా ఆలోచించాలి. మిక్కీ, ఛోటా భీమ్ లాంటి వాటి మీద హక్కులు కంపెనీలవి, అనుమతి లేకుండా వ్యాపారానికి వాడితే నోటీసు రావొచ్చు. 1928 నాటి మొదటి మిక్కీకి అమెరికాలో 2024 జనవరి 1న కాపీరైట్ గడువు తీరింది, కానీ మన డ్రెస్సుల్లో కనబడే రంగుల మిక్కీ అది కాదు. కడపలో కలివికోడిని ఎందుకు చేయించరో అర్థం కాదు. 1900 తర్వాత కనబడక పోయిందనుకున్న పిట్ట 1986లో ఈ జిల్లాలోనే మళ్లీ దొరికింది. పెద్ద కళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. బొమ్మకు ఇంతకంటే ఏం కావాలి? కళ్లు పెద్దవి కాబట్టి జాలీ అక్కడే పెడితే చూపు బాగా ఆనుతుంది. పొట్ట లోపల రింగు పెట్టి ఉబ్బించి, కాళ్లకు పసుపు ప్యాంటు వేస్తే బొచ్చు సగం తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. కృష్ణజింక చేయిస్తే కొమ్ములు నురగవే పెట్టించాలి. గట్టి కొమ్ములు షామియానా తోరణాలకు చిక్కుకుంటాయి, పిల్లల కళ్లకూ ప్రమాదం.

చివరగా శుభ్రం, అందరూ ఎగ్గొట్టేది ఇదే. లోపల వేసుకునే నూలు టీషర్టు, ట్రాక్ ప్యాంటు, పల్చటి టోపీ, సాక్సులు ఎవరివి వాళ్లవే ఉండాలి, ఒక్కొక్కరికి రెండు జతలు. ఫ్లోరిడా డిస్నీ పార్కులో కంపెనీ ఇచ్చే లోపలి బట్టలు ఉమ్మడిగా వాడటం వల్ల పేలు, గజ్జి అంటుకుంటున్నాయని బొమ్మ వేషగాళ్లు యూనియన్ తరఫున కొట్లాడి, 2001లో ఎవరివి వాళ్లు ఇంటికి తీసుకుపోయి ఉతుక్కునేట్టు ఒప్పందం తెచ్చుకున్నారు. అంత పెద్ద కంపెనీలోనే అట్లుంటే, ఒకే డ్రెస్ ఐదుగురు తిప్పుకునే మన దగ్గర తామర రాకుండా ఎట్లుంటుంది? డ్యూటీ కాగానే డ్రెస్ తిరగేసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లోపల చిలకరించి, ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టాలి. ఆ అరగంట పక్కన ఎవరూ బీడీ వెలిగించొద్దు. అత్తరు కొడితే వాసన కప్పుకుంటుంది గానీ పోదు.

నాలుగైదు ప్రోగ్రాములకోసారి ఉతకాలి. పెద్ద టబ్బులో చల్లనీళ్లు, రెండు మూతల షాంపూ. వేడినీళ్లు పోస్తే బొచ్చు ఉండలు కడుతుంది, మళ్లీ సాగదు. పిండకుండా వత్తి, వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి నీడలో ఆరేయాలి. మిద్దె మీద ఎండలో వేస్తే త్వరగా ఆరుతుంది గానీ రంగు దిగుతుంది. ఆరాక కుక్కలకు వాడే తీగల బ్రష్‌తో దువ్వితే బొచ్చు లేస్తుంది. తలను నీళ్లలో ముంచొద్దు, నురగ లోపలి తడి మూడు రోజులైనా ఆరక బూజు పడుతుంది. తడిగుడ్డతో తుడిచి, నోరు పైకి పెట్టి ఫ్యాన్ ముందర ఉంచాలి. కారు డిక్కీలో వదిలేసి పోతే మే నెల ఎండకు గన్‌తో అంటించిన జిగురు మెత్తబడి సాయంత్రానికి కళ్లు ఊడి ఉంటాయి. తెల్ల గ్లౌజులు మాత్రం ఏ రోజుకారోజు ఉతకాలి. పిల్లల చేతుల ఐస్‌క్రీము, పీచుమిఠాయి రంగు అంతా వాటికే అంటుకుంటుంది, ఎండినాక వదలదు.